క్రోమ్, నికెల్ రిన్స్ నీళ్ళని కరెంటుతో శుభ్రం చేయడం: 5 లీటర్ల బకెట్ ట్రయల్ ఎలా చేయాలి

ఆటోనగర్ ప్లేటింగ్ షాపుల నుంచి ఫోన్ వచ్చిందంటే ప్రశ్న నాకు ముందే తెలిసిపోతుంది. అడిగేది రిన్స్ నీళ్ళ గురించి, అంటే బాత్ (పూత వేసే ద్రావణం) లోంచి తీసిన వస్తువుల్ని కడిగిన నీళ్ళు. "సార్, ప్లేట్లు ముంచి కరెంటు ఇస్తే క్రోమ్ పోతుందంట కదా, ఎన్ని నిమిషాలు పెట్టాలి?" బెజవాడ వాళ్ళూ అదే, గుంటూరు వాళ్ళూ అదే. నిమిషాలు అడుగుతారు గానీ నీళ్ళు ఎన్ని లీటర్లో, అందులో క్రోమ్ ఎంతుందో, ఎన్ని ఆంపియర్లు ఇస్తున్నారో చెప్పరు. బియ్యం ఎన్ని పోశారో చెప్పకుండా అన్నం ఎంతసేపు ఉడకాలి అంటే ఏం చెప్పగలం చెప్పండి. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి వివరంగా రాసేస్తే సరిపోతుందని ఇది రాస్తున్నా.

ఇది 5 లీటర్ల ట్రయల్ మాత్రమే. ఇది కుదిరాకే ట్యాంకు గురించి ఆలోచించండి. ఇక్కడ కుదరనిది వెయ్యి లీటర్లలో అస్సలు కుదరదు, ఆ డబ్బులు పోయినట్టే.

మొదలుపెట్టే ముందే ఆగాల్సిన చోటు

మీ షాపులో సైనైడ్ బాత్ ఏదైనా ఉందా? సైనైడ్ జింక్ గానీ సైనైడ్ కాపర్ గానీ, ఏదున్నా సరే ఆ రిన్స్ నీళ్ళు ఈ బకెట్‌లోకి ఒక్క చుక్క కూడా రాకూడదు. క్రోమ్ రిన్స్ ఆమ్లంగా ఉంటుంది, అందులో సైనైడ్ కలిస్తే విషవాయువు లేస్తుంది, మనిషి అక్కడికక్కడే పడిపోతాడు. సైనైడ్ నీళ్ళకి విడిగా, పీహెచ్ 10 పైన పెట్టి క్లోరిన్‌తో చేసే పద్ధతి ఉంది, అది వేరే పని. మీ డ్రెయిన్లన్నీ ఒకే గుంటలోకి పోతుంటే ముందు వాటిని విడగొట్టుకుని తర్వాత ఇటు రండి.

ఇంకోటి, హెక్సావలెంట్ క్రోమ్, అంటే రిన్స్ నీళ్ళకి పసుపు రంగు ఇచ్చేది, క్యాన్సర్ తెచ్చే రకం. రోజూ బాత్ దగ్గరే ఉంటాం కదా మాకేం అవుతుందిలే అనే మాట నేను చాలాసార్లు విన్నా. గ్లోవ్స్, కళ్ళద్దాలు పెట్టుకోకుండా బకెట్ దగ్గరికి రాకండి.

కావాల్సినవి

- 6 లేదా 7 లీటర్లు పట్టే ప్లాస్టిక్ డబ్బా, నలుచదరంగా ఉంటే మంచిది. ఇనుప బకెట్ వద్దు
- ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, మామూలు నల్ల ఇనుము) ప్లేట్లు 3, ఒక్కోటి 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు, 2 లేదా 3 మిల్లీమీటర్ల మందం
- కరెంటూ ఓల్టేజీ రెండూ చూపించే డీసీ పవర్ సప్లై, 30 ఓల్టులు 5 ఆంపియర్లది. గవర్నర్‌పేట ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడగండి. కారు బ్యాటరీ ఛార్జర్‌తో కూడా పని జరుగుతుంది గానీ అందులో కరెంటు స్థిరంగా ఉండదు, కాబట్టి మధ్యలో మీటర్ పెట్టుకోవాలి. ఇంటి 230 ఓల్టుల లైన్‌ని మాత్రం నేరుగా ప్లేట్లకి ఇవ్వకండి, అలా అడిగినవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టే రాస్తున్నా
- పీహెచ్ మీటర్. లేదంటే పీహెచ్ పేపర్
- 0.01 గ్రాము చూపించే చిన్న కాటా, బంగారం పని చేసేవాళ్ళు వాడేలాంటిది
- కాస్టిక్ సోడా ద్రావణం, పలచని సల్ఫ్యూరిక్ ఆసిడ్, కళ్ళుప్పు
- ల్యాబ్ ఫిల్టర్ పేపరూ గరాటా, 1 లీటరు కొలజాడీ
- క్రోమ్ టెస్టుకి డైఫినైల్ కార్బజైడ్, అసిటోన్, పొటాషియం డైక్రోమేట్. నికెల్ టెస్టుకి డైమిథైల్ గ్లయాక్సిమ్, అమ్మోనియా

ఈ లిస్టులో మొదట దెబ్బ తినేది ప్లేట్ల దగ్గరే. నేను నా మొదటి ట్రయల్‌కి పాత ఇనుప షాపులో కనిపించిన రేకు ముక్క కోయించుకుని తెచ్చా. క్రోమ్ బాగానే పోయింది. రిపోర్టు వచ్చాక చూస్తే జింక్ ఉంది, ఆ షాపులో జింక్ పనే లేదు! రెండు రోజులు జుట్టు పీక్కున్నాక వెలిగింది, అది జీఐ రేకు. పూత మీదున్న జింక్ అంతా నేనే నీళ్ళలోకి కరిగించా.

ఎస్సెస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) ప్లేట్లు ఇంకా ఘోరం. మెరుస్తుంటుంది, తుప్పు పట్టదు కదా అని అదే పెడతారు. ఎస్సెస్‌లో ఉండేదే క్రోమూ నికెలూ అండీ. ప్లస్ వైపు పెడితే అవే కరిగి నీళ్ళలోకి వస్తాయి, మనం తీసేద్దామనుకున్నది మనమే పోసినట్టవుతుంది. ప్లస్ వైపు ఎప్పుడూ మామూలు నల్ల ఇనుమే పెట్టండి. అల్యూమినియం కూడా క్రోమ్‌కి పనికిరాదు, ఎందుకో ఇక్కడే చెప్పేస్తా.

హెక్సావలెంట్ క్రోమ్ అనేది పీహెచ్ ఎంత పెంచినా మడ్డిగా కిందికి దిగదు. దాన్ని ముందు ట్రైవలెంట్‌గా, అంటే మడ్డిగా దిగే రూపంలోకి మార్చాలి, ఆ మార్చే పని ఇనుము చేస్తుంది. ప్లస్ ప్లేట్ నుంచి ఇనుము ఫెర్రస్ రూపంలో కరిగి క్రోమ్‌ని మార్చి, తను ఫెర్రిక్ అయిపోయి, ఇద్దరూ కలిసి మడ్డిగా దిగుతారు. అల్యూమినియం కరిగితే ఆ మార్పు జరగదు. థియరీ ఇంతవరకు చాలు.

చేసే పద్ధతి

1. నీళ్ళు తీసుకోండి. క్రోమ్ రిన్స్ ట్యాంకు నుంచి తీసుకోండి, బాత్ నుంచి కాదు. బాత్‌లో క్రోమ్ గ్రాముల్లో ఉంటుంది, ఈ పద్ధతి మిల్లీగ్రాములకి. సాయంత్రం పని దిగే ముందు పట్టండి, అప్పుడే చిక్కగా ఉంటుంది. పొద్దున్నే నీళ్ళు మార్చాక పట్టిన శాంపిల్‌తో ట్రయల్ చేసి బ్రహ్మాండం అనుకుంటే ట్యాంకులో బోర్లా పడతారు. పైన నూనె తేలుతుంటే ముందు తీసేయండి, ప్లేట్లకి పట్టిందంటే కరెంటు సరిగ్గా పారదు.

2. క్రోమ్ ఎంతుందో తెలుసుకోండి. ల్యాబ్ రిపోర్టు ఉంటే సరే. లేకపోతే కింద టెస్టుల దగ్గర రాసిన పద్ధతిలో నీళ్ళని 100 రెట్లు పలచన చేసి రంగు పోల్చి చూడండి, ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఉదాహరణకి లీటరుకి 50 మిల్లీగ్రాములు అనుకుందాం.

3. లెక్క వేయండి. ఇదే అసలు మెట్టు, అందరూ దాటేసేదీ ఇదే. 1 ఆంపియర్ 1 గంట పారితే, అంటే 1 ఆంపియర్ అవర్‌కి, ప్లస్ ప్లేట్ నుంచి దాదాపు 1.04 గ్రాముల ఇనుము కరుగుతుంది. 1 గ్రాము హెక్సావలెంట్ క్రోమ్‌ని మార్చడానికి 3.22 గ్రాముల ఇనుము కావాలి. మన 5 లీటర్లలో ఉన్న క్రోమ్ 50 ఇంటూ 5, 250 మిల్లీగ్రాములు. దానికి కావాల్సిన ఇనుము 805 మిల్లీగ్రాములు. 1.04తో భాగిస్తే 0.77 ఆంపియర్ అవర్. కరెంటు అంతా ఇనుము కరిగించడానికే పోదు, కరిగిన ఇనుములో కొంత గాలి కూడా తినేస్తుంది, కాబట్టి పాతిక ముప్పై శాతం కలిపి 1 ఆంపియర్ అవర్ పెట్టుకోండి. 2 ఆంపియర్లు ఇస్తే అరగంట, 1 ఆంపియర్ ఇస్తే గంట. నిమిషాలు వచ్చేది ఇక్కడి నుంచి. మీ క్రోమ్ 100 ఉంటే ఇదే రెండింతలు. పక్క షాపు వాళ్ళు 20 నిమిషాలు పెడుతున్నారని మీరూ 20 పెట్టేస్తే అవ్వదు.

4. ప్లేట్లు సిద్ధం చేయండి. తుప్పు, గ్రీజు పోయేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, కడిగి, ఆరనిచ్చి, మూడు ప్లేట్లనీ కాటా మీద విడివిడిగా తూచి రాసుకోండి. ఈ తూకం తర్వాత మీకు చాలా ఉపయోగపడుతుంది. మధ్యలో ఒకటి, అటొకటి ఇటొకటి, మధ్య సందు 1 సెంటీమీటరు. సందు కోసం ప్లాస్టిక్ ముక్కలు పెట్టి నైలాన్ దారంతో కట్టేయండి. నీళ్ళలో 10 సెంటీమీటర్లు మునగాలి. మధ్య ప్లేట్ రెండు వైపులా పనిచేస్తుంది కాబట్టి 200 చదరపు సెంటీమీటర్లు వస్తుంది, 2 ఆంపియర్లకి అది సరిపోతుంది. ఎర్ర వైరు మధ్య దానికి, నల్ల వైరు పక్క రెంటికీ. క్లిప్పులు నీళ్ళకి తగలకూడదు, తగిలితే క్లిప్పు కరిగిపోతుంది, అందులోని రాగి మీ నీళ్ళలో చేరుతుంది.

5. పీహెచ్ 4 నుంచి 6 మధ్యకి తెచ్చుకోండి. క్రోమ్ రిన్స్ మామూలుగా అంతకంటే తక్కువే ఉంటుంది, కాస్టిక్ చుక్కలు చుక్కలుగా వేసి లేపండి. పీహెచ్ 2లో అలాగే మొదలుపెడితే కరెంటు లేకపోయినా ఇనుము దానంతటదే కరుగుతుంది, మీ లెక్కంతా తప్పుతుంది. సున్నం వాడొచ్చా అని అడుగుతారు. ట్యాంకులో వాడొచ్చు, చవక కూడా. ట్రయల్‌లో మాత్రం వద్దు, మైనస్ ప్లేట్ మీద తెల్లటి పొలుసు కడుతుంది, మడ్డి కూడా ఎక్కువ కనిపించి అయోమయం చేస్తుంది. ఆసిడ్ పలచన చేసుకోవాల్సి వస్తే నీళ్ళలో ఆసిడ్ పోయండి, ఆసిడ్‌లో నీళ్ళు పోయకండి.

6. ఉప్పు. రిన్స్ నీళ్ళు మరీ పలచనైతే కరెంటు పారదు. 5 లీటర్లకి 5 గ్రాముల కళ్ళుప్పు, అంటే దాదాపు ఒక టీ చెంచా, వేసి కరిగించండి. ఇప్పుడు 2 ఆంపియర్లకి ఓల్టేజీ 6, 8 దగ్గర ఆగాలి. 20 చూపిస్తోందంటే ఉప్పు చాలలేదు, లేదా క్లిప్పు వదులు, లేదా సందు ఎక్కువైంది. గుప్పెడు పోస్తే ఇంకా త్వరగా అవుతుంది కదా అనుకోకండి, ఆ ఉప్పు నీళ్ళలోనే ఉండిపోయి టీడీఎస్ (నీళ్ళలో కరిగి ఉన్న ఉప్పుల లెక్క) దగ్గర మిమ్మల్ని పట్టిస్తుంది. ఎవరో చెప్పారని గ్రాఫైట్ కడ్డీలు గానీ పూత ఉన్న టైటానియం గానీ ప్లస్ వైపు పెట్టారనుకోండి, ఉప్పు నీళ్ళలో క్లోరిన్ వస్తుంది. ఇనుమే పెట్టండి.

7. ఆన్ చేయండి. టైం రాసుకోండి. కర్రతోనో ప్లాస్టిక్ గరిటెతోనో నెమ్మదిగా కలుపుతుండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది ఆక్వేరియం పంపుతో గాలి కొడుతూ కలుపుతారు. క్రోమ్ పని అయ్యేదాకా గాలి కొట్టకండి. క్రోమ్ కోసం కరిగించిన ఫెర్రస్‌ని గాలి ముందే తినేస్తుంది, మీకు బోలెడు తుప్పు నీళ్ళు వస్తాయి, క్రోమ్ అలాగే ఉంటుంది.
 మైనస్ ప్లేట్ల నుంచి బుడగలు లేస్తాయి, అది హైడ్రోజన్. తలుపులు తెరిచి పెట్టుకోండి, మూత పెట్టకండి, బీడీ కాల్చేవాళ్ళని అవతలికి పంపండి, పక్కన వెల్డింగ్ నడుస్తుంటే చోటు మార్చండి. క్లిప్పులు తీసేటప్పుడు ముందు సప్లై ఆఫ్ చేసి తర్వాతే తీయాలి, నిప్పురవ్వ చాలు.

8. రంగు చూస్తుండండి. పసుపు మెల్లగా తగ్గుతుంది, మధ్యలో మురికి ఆకుపచ్చకి తిరుగుతుంది, పైన తెట్టు కడుతుంది. కరెంటు దానంతటదే పడిపోతుంటే ప్లేట్ మీద పొర కట్టిందన్నమాట. సప్లై ఆపి, వైర్లు అటూ ఇటూ మార్చి మళ్ళీ ఆన్ చేయండి. మూడు ప్లేట్లూ ఎమ్మెస్ పెట్టమంది ఇందుకే. అలా మార్చినా మీ ఆంపియర్ అవర్ లెక్క అలాగే నడుస్తుంది. కాకపోతే తూకం లెక్కకి మూడు ప్లేట్లూ ముందే తూచి ఉండాలి, మొదట్లోనే మూడూ తూచమంది అందుకే.

9. ఆపాక పీహెచ్ 8 నుంచి 8.5కి తీసుకురండి. కరెంటు పారుతుంటేనే పీహెచ్ కొంత పెరుగుతుంది, ఎంత పెరిగిందో చూసి మిగతాది కాస్టిక్‌తో లేపండి. ట్రైవలెంట్ క్రోమ్ బాగా దిగేది ఇక్కడే. 10, 11కి లాగేస్తే దిగింది మళ్ళీ కరగడం మొదలవుతుంది. ఎక్కువ కాస్టిక్ వేస్తే ఎక్కువ శుభ్రం అనే లెక్క దీనికి వర్తించదు.

10. ఇప్పుడు గాలి కొట్టండి, 10, 15 నిమిషాలు. ఆకుపచ్చ మడ్డి ఇటుక రంగుకి తిరగాలి. ఇది వదిలేస్తే మిగిలిన ఫెర్రస్ మర్నాటికి తుప్పు నీళ్ళలా బయటపడుతుంది. "సార్ రాత్రి తేటగా ఉంది, పొద్దునకి ఎర్రబడింది" అంటే ఈ మెట్టు వదిలేశారనే అర్థం.

11. తేరనివ్వండి. అరగంట నుంచి గంట. బుడగల వల్ల కొంత మడ్డి పైకే తేలుతుంది, మెల్లగా ఒకసారి కలిపితే దిగిపోతుంది. అయినా దిగకపోతే పాలీఎలక్ట్రోలైట్ (మడ్డిని గుంపుగా చేర్చే పొడి) చిటికెడు ముందే నీళ్ళలో నానబెట్టి రెండు మూడు చుక్కలు వేయండి, ఎక్కువైతే గంజిలా జిగురు పట్టి ఫిల్టర్ దగ్గర చచ్చిపోతారు. కలిపిన నీళ్ళు 1 లీటరు కొలజాడీలో పోసి అరగంటకి మడ్డి ఎన్ని మిల్లీలీటర్ల దగ్గర ఆగిందో రాసుకోండి, రేపు స్లడ్జ్ ట్యాంకు ఎంత కావాలో దీన్నిబట్టే తేలుతుంది.

12. పైతేట తీసి ఫిల్టర్ చేయండి. పాత చీర గుడ్డలో వడకట్టి ఫిల్టర్ చేశామనకండి.

నికెల్ సంగతి

నికెల్‌ని మార్చాల్సిన పని లేదు, పీహెచ్ ఒక్కటే కావాలి, కాకపోతే క్రోమ్‌కి కావాల్సిన పీహెచ్ దీనికి చాలదు. 9.2 నుంచి 9.5 దగ్గర, ఇనుప మడ్డితో కలిసి బాగా దిగుతుంది. ఫిల్టర్ అయిపోయాక పీహెచ్‌ని మళ్ళీ 8 దగ్గరికి దింపాలి, బయటికి వదిలే నీళ్ళకి నిబంధనల్లో ఉన్న పై గీత 9. ముందు పీహెచ్ దింపి తర్వాత ఫిల్టర్ చేస్తే దిగిన నికెల్ మళ్ళీ నీళ్ళలోకే. ఇది ఎంత చెప్పినా రివర్స్‌లో చేసేవాళ్ళు చేస్తూనే ఉంటారు.

అందుకే క్రోమూ నికెలూ వేరువేరు డబ్బాల్లో చేయమంటా. ఎలక్ట్రోలెస్ నికెల్ (కరెంటు లేకుండా కెమికల్స్‌తో వేసే పూత) నీళ్ళైతే ఈ పద్ధతి మామూలుగా పనిచేయదు, అందులో నికెల్‌ని గట్టిగా పట్టుకుని ఉండే కెమికల్స్ ఉంటాయి, వదలవు. అసలు నా అభిప్రాయం అడిగితే మామూలు నికెల్ బాత్ తర్వాత నీళ్ళు పారకుండా నిలిచి ఉండే డ్రాగ్ అవుట్ ట్యాంకు ఒకటి పెట్టుకుని, ఆ నీళ్ళే తిరిగి బాత్‌లో పోసుకోండి. కేజీ నికెల్ ఎంత పెట్టి కొంటున్నారో మీకు తెలుసు, దాన్ని మడ్డిలో పోసి ఆ మడ్డి పట్టుకెళ్ళడానికి మళ్ళీ డబ్బులు కట్టడం ఏం లెక్క?

పోయిందో లేదో ఎలా తెలుస్తుంది

కంటితో తెలియదు. బకెట్ దగ్గర నిలబడి గ్లాసులో పట్టి "కృష్ణ నీళ్ళలా ఉన్నాయి సార్" అని చూపిస్తారు. హెక్సావలెంట్ క్రోమ్‌కి గీత లీటరుకి 0.1 మిల్లీగ్రాము. దానికి ఐదింతలున్నా మీ కంటికి తెల్లగానే కనిపిస్తుంది. టెస్టు చేయాల్సిందే.

ముందు పోల్చుకోవడానికి రంగు తయారుచేసుకోండి. పొటాషియం డైక్రోమేట్ 1.41 గ్రాములు 1 లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే లీటరుకి 500 మిల్లీగ్రాముల క్రోమ్. అందులో 100 మిల్లీలీటర్లు తీసి 1 లీటరు చేస్తే 50. ఈ 50 దాంట్లో 2 మిల్లీలీటర్లు తీసి 1 లీటరు చేస్తే సరిగ్గా 0.1, అంటే గీత. 10 మిల్లీలీటర్లు తీసి 1 లీటరు చేస్తే 0.5. సీసాల మీద స్పష్టంగా రాయండి, పిల్లలకి అందనిచోట పెట్టండి, ఇదంతా విషమే. వాటర్ బాటిల్‌లో మాత్రం పోయకండి.

డైఫినైల్ కార్బజైడ్ 0.25 గ్రాము 50 మిల్లీలీటర్ల అసిటోన్‌లో కరిగించి బ్రౌన్ సీసాలో, చల్లగా ఉండేచోట పెట్టుకోండి. బెజవాడ ఎండలకి బల్ల మీద వదిలేస్తే రంగు మారిపోతుంది, రంగు మారింది పారేయాల్సిందే.

ఇప్పుడు ఒకేలాంటి గాజు గొట్టాల్లో ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఒకదాంట్లో 0.1, ఒకదాంట్లో 0.5, ఇంకోదాంట్లో మీ ఫిల్టర్ చేసిన నీళ్ళు, అన్నీ 50 మిల్లీలీటర్లు పోయండి. అన్నింట్లో పలచని సల్ఫ్యూరిక్ ఆసిడ్ వేసి పీహెచ్ 2 లోపుకి తెచ్చి, 1 మిల్లీలీటరు కార్బజైడ్ వేసి కలిపి, 5 నుంచి 10 నిమిషాలు ఆగండి. తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూడండి, పక్క నుంచి కాదు. వంగపండు ఛాయ 0.1 గొట్టం కంటే తక్కువగా ఉంటే పాస్. మొదట్లో ఉన్న పసుపు నీళ్ళని కొలవాలంటే 1 మిల్లీలీటరు తీసి 100 చేయండి, అది 0.5తో సరిపోతే అసలు నీళ్ళు 50 దగ్గర ఉన్నట్టు.

ఫిల్టర్ చేయకుండా మడ్డితో టెస్టు చేస్తే ఏమవుతుందంటే, ఆసిడ్ పడగానే మడ్డిలో మిగిలిన ఫెర్రస్ కరిగి, గొట్టంలోనే క్రోమ్‌ని మార్చేస్తుంది. రంగు రాదు. మీరు పాస్ అనుకుంటారు. బకెట్‌లో ఉన్నది మాత్రం అక్కడే ఉంటుంది. రంగు పసుపు గోధుమ కలిసి వస్తోందంటే ఫెర్రిక్ ఇనుము మిగిలింది, ఇంకా సన్నటి పేపర్‌లో వడకట్టండి.

నికెల్‌కి సులువు, ఫిల్టర్ చేసిన నీళ్ళలో అమ్మోనియా చుక్కలు వేసి, డైమిథైల్ గ్లయాక్సిమ్ వేయండి. ఎర్రటి తెరలు కట్టాయంటే నికెల్ ఉంది. ఫెర్రస్ ఉన్నా ఎరుపు చూపిస్తుంది, గాలి కొట్టే మెట్టు వదిలేసినవాళ్ళు ఇక్కడ కూడా మోసపోతారు. ఇది ఉందో లేదో చెప్పడానికే, ఎంతో చెప్పడానికి కాదు.

ఆఖరి మాట ల్యాబ్‌దే. పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి రెండు ప్లాస్టిక్ బాటిళ్ళు పంపండి. ఒకటి మొత్తం లోహాలకి, అందులో నైట్రిక్ ఆసిడ్ వేసి పీహెచ్ 2 లోపు పెట్టాలి. రెండోది హెక్సావలెంట్ క్రోమ్‌కి, అందులో ఆసిడ్ వేయకూడదు, ఐస్ డబ్బాలో పెట్టి అదే రోజు చేర్చాలి. ఒకసారి ఓ ల్యాబ్ కుర్రాడు రెండింట్లోనూ నైట్రిక్ పోసి పట్టుకెళ్ళాడు. రిపోర్టులో హెక్సావలెంట్ క్రోమ్ నిల్. షాపు ఓనర్ స్వీట్ బాక్స్ తెచ్చాడు. నాకెందుకో అనుమానం వచ్చి గొట్టంలో చేసి చూస్తే వంగపండు రంగు దగదగా. ఆ రిపోర్టు పక్కన పడేసి మళ్ళీ చేయించాం, స్వీట్లు మాత్రం అప్పటికే అయిపోయాయి.

లోపలి జలాల్లోకి వదిలే నీళ్ళకి దేశమంతటా ఉన్న సాధారణ గీతలు: హెక్సావలెంట్ క్రోమ్ 0.1, మొత్తం క్రోమ్ 2, నికెల్ 3, కాపర్ 3, జింక్ 5, అన్నీ లీటరుకి మిల్లీగ్రాముల్లో. మీ సీఎఫ్‌ఓలో (షాపు నడపడానికి పీసీబీ ఇచ్చే అనుమతి కాగితం) ఇంతకంటే తక్కువ రాసి ఉంటే మీకు అదే గీత. ఆ కాగితం బీరువాలో నుంచి తీసి ఒకసారి చదవండి, చాలామంది దాన్ని రెన్యువల్‌కి తప్ప ముట్టుకోరు.

కుదరకపోతే ఎక్కడ వెతకాలి

ముందు ప్లేట్ తూకం చూడండి. కడిగి, మడ్డి పొర తీసి, ఆరబెట్టి తూస్తే 1 ఆంపియర్ అవర్‌కి 1 గ్రాము అటూఇటూగా తగ్గాలి. అర గ్రామే తగ్గిందంటే కరెంటు ఎక్కడో వృథా అయింది, లేదా మీటరు అబద్ధం చెబుతోంది, లేదా అది ఎమ్మెస్ కాదు. రెండు గ్రాములు తగ్గిందంటే పీహెచ్ మరీ తక్కువలో మొదలుపెట్టారు.

తూకం సరిగ్గానే ఉంది, అయినా పసుపు పోలేదంటే మొదట్లో క్రోమ్ తక్కువ అంచనా వేశారు, ఇంకో పాతిక శాతం ఆంపియర్ అవర్ ఇచ్చి చూడండి. అప్పటికీ పోకపోతే గాలి కొట్టారా, కలపకుండా వదిలేశారా చూడండి. ప్లేట్ల మధ్య నీళ్ళు పనైపోయి, మూలల్లో పసుపు అలాగే ఉండిపోవడం నేను చాలా చూశా.

హెక్సావలెంట్ లేదు కానీ మొత్తం క్రోమ్ ఎక్కువ వచ్చిందంటే మార్పు జరిగింది, దిగడం జరగలేదు. పీహెచ్, ఫిల్టర్, ఈ రెండే చూసుకోండి. కరెంటు పెంచి లాభం లేదు.

మిగిలిన నీళ్ళు, మడ్డి

ట్రయల్ నీళ్ళు కాలవలో పోయకండి. పాస్ అయినా సరే, కలెక్షన్ ట్యాంకులోకే తిరిగి పోయండి. టెస్టు గొట్టాల్లోదీ అంతే.

మడ్డి 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకి వస్తుంది. 90 రోజులకి మించి షాపులో పెట్టుకోకూడదు, అనుమతి ఉన్న టీఎస్‌డీఎఫ్‌కి (ప్రమాదకర వ్యర్థాల్ని శుద్ధి చేసి భద్రంగా పూడ్చే కేంద్రం) మ్యానిఫెస్ట్, అంటే రవాణా చీటీ, రాసి పంపాలి. మున్సిపాలిటీ చెత్త బండిలో వేయడం, ఖాళీ సైటు గుంట పూడ్చడానికి ఇచ్చేయడం, ఇవన్నీ జరుగుతాయని నాకూ తెలుసు మీకూ తెలుసు, పట్టుబడితే మాత్రం పేరు మీదే. మన లెక్క ప్రకారం 1000 లీటర్లకి ఎండిన మడ్డి 500 గ్రాముల దాకా వస్తుంది, వడకట్టాక తడితో కలిపి ఇంకా చాలా ఎక్కువ, కొన్ని కేజీలు అనుకోండి. అంత పెద్ద బరువేం కాదు.

బస్తాలు నేల మీద పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు ఎలా పొంగిందో చూశాం కదా, మోకాలి ఎత్తు నీళ్ళు వస్తే చాలు, ఏడాది కష్టపడి వేరుచేసింది ఒక్క పూటలో ఊరంతా కలుస్తుంది. మూత ఉన్న డ్రమ్ములో వేసి ఎత్తు అరుగు మీద పెట్టండి.

ట్యాంకుకి వెళ్ళేటప్పుడు

వరసగా మూడు ట్రయల్స్, మూడు వేరు రోజుల నీళ్ళతో పాస్ అయితేనే వెళ్ళండి. లీటరుకి ఆంపియర్ అవర్, చదరపు సెంటీమీటరుకి కరెంటు, ప్లేట్ల సందు, ఈ మూడూ మార్చకూడదు. మన ఉదాహరణలో లీటరుకి 0.2 ఆంపియర్ అవర్ పడింది, 1000 లీటర్లకి 200. 50 ఆంపియర్లు ఇస్తే 4 గంటలు, ప్లేట్ల పని చేసే వైశాల్యం అర చదరపు మీటరు. ప్లేటింగ్ షాపు కాబట్టి రెక్టిఫైయర్ (ఏసీని డీసీ చేసే యంత్రం) మీ దగ్గర ఎలాగూ ఉంటుంది, పాతది మూలన పడి ఉంటే అదే వాడుకోవచ్చు. 7 ఓల్టుల దగ్గర నడిస్తే 1000 లీటర్లకి ప్లేట్ల దగ్గర పట్టే కరెంటు 1.4 యూనిట్లు, ఇనుము 200 గ్రాములు చిల్లర. ఖర్చు అక్కడ కాదు, కాస్టిక్ దగ్గరా మడ్డి రవాణా దగ్గరా. ఈటీపీలో (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటులో) మార్పు చేస్తున్నట్టు పీసీబీకి ముందే కాగితం పెట్టుకోండి.

ఇంత చేశాక కూడా తేడా వస్తే ఫోన్ చేయండి, కాదనను. కాకపోతే చేసే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకుని చేయండి: నీళ్ళు ఎన్ని లీటర్లు, మొదట క్రోమ్ ఎంత, పీహెచ్ మొదట ఎంత చివర ఎంత, ఎన్ని ఆంపియర్లు ఎన్ని నిమిషాలు, ఓల్టేజీ ఎంత చూపించింది, ప్లేట్ తూకం ముందు ఎంత తర్వాత ఎంత. మొన్నొకాయన వాట్సాప్‌లో గ్లాసు నీళ్ళ ఫోటో ఒక్కటే పంపి "ఓకేనా సార్" అని అడిగాడు. ప్లేట్ తూకం పంపమన్నా, ఇంకా రాలేదు.